పురిటి గదిలో చల్లమిషను

"ఆ గోడకు వద్దబ్బయ్యా, ఆ గోడకు వద్దు. గాలి నేరుగా మంచం మీదికి కొడతాది."

"ఇప్పుడు చెప్తే ఎట్టమ్మా? కన్నం కొట్టేసినా, చట్రం బిగించేసినా, మిషను ఎక్కించేసినా. నలుగురు కూలోళ్ళు మొయ్యాల్సొచ్చింది దాన్ని. వాళ్ళు గూడా వెళ్ళిపోయినారు."

అరవై ఆరో సంవత్సరం, వైశాఖమాసం, మధ్యాహ్నం మూడు గంటలు. వెంకటాచలంలో పద్మనాభయ్య కొత్తగా కట్టించిన మిద్దెలో, పడమటి గదిలో, నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్ హజరత్తయ్య నిచ్చెన మీదున్నాడు. ఇంటి ఇల్లాలు ఆదిశేషమ్మ గడపలో నిలబడింది. సాయంత్రానికి ఆమె కూతురు కరుణాకుమారి ఆసుపత్రి నుంచి ఐదు రోజుల బిడ్డతో ఈ గదికే రావాలి. పొద్దుటినుంచీ ఆదిశేషమ్మ గుండె ఆమె చెప్పిన మాట వినడం లేదు.

"అయితే మంచం జరపాల."

"జరపండి. గోడ జరపడం కంటే అదే తేలిక."

"నవ్వబాక. నవ్వుకునే రోజు కాదిది."

"తప్పయిందమ్మా. ఇదిగో, ఈ రెక్కలు ఇట్టా పైకి తిప్పినానంటే గాలి మిద్దెకు తగిలి దిగుతాది. మంచం మీద పడదు. సరేనా?"

"ఇంత లావుందేం ఇది? మా ఆయన రేడియో అంత ఉంటాదన్నాడు."

"ఈ గదికి ఒక టన్నుది చాలు. మెడ్రాసు షాపులోనే చెప్పినా. పద్మనాభయ్యగారు వింటేగా! 'మీ దగ్గర అన్నిటికంటే పెద్దది ఏది?' అని ఒకటే మాట. ఒకటిన్నర టన్నుది కొన్నారు. ఈ ఊళ్ళో కరెంటు ఒకసారుంటాది, ఒకసారి నీరసపడతాది, దానికి ఇంకో పెట్టె. ఇంత చల్లదనం ఎవరికమ్మా?"

"బిడ్డకు."

"ఐదు రోజుల బిడ్డకా?"

"పోయినేడు ఇదే గదిలో ఒక బిడ్డ పోయింది. ఆడబిడ్డ. ఎనిమిది రోజులు బతికింది. రోహిణి కార్తె ఎండకు పోయిందని మా ఆయన అంటాడు. చల్లమిషను పెడితేగానీ నా కూతురు ఈ గడప తొక్కగూడదని పట్టు పట్టినాడు. చాలా? ఇంక అడగబాక, పని చూడు."

"అడగనమ్మా."

"పొద్దు గుంకేలోపల అయిపోతాదా?"

"అయిపోతాది. పైనుండే ఈ రెండు కంతలకూ చెక్కలు కొట్టాల. కిటికీ సందులకు పుట్టీ, తలుపు కింద రబ్బరు. లోపలి చల్లదనం బయటికి పోగూడదు, బయటి సెగ లోపలికి రాగూడదు."

"మూయి, బాగా మూయి. తలుపు కింద నేను పాత చీర దోపుతా."

"రబ్బరు చాలమ్మా."

"రబ్బరుకేం తెలుసు? పాత చీర దోపితేనే గాలి ఆగేది. పోయినేడు ఆ పై కంతలు గూడా నేనే మూసినా, నిచ్చెనెక్కి."

"ఓహో, ఈ పంచె ముక్కలు మీ పనేనా? ఇంకా ఇక్కడే ఉండాయి. ఎండ రాకుండానా?"

"ఎండ కాదు, గాలి. బాలింతకు గాలి సోకితే ఇంకేమన్నా ఉందా?"

"రోహిణి కార్తెలోనా?"

"ఏ కార్తెలో అయినా బాలింత బాలింతే. నీకు పెళ్ళయిందా?"

"అయింది. ఇద్దరు పిల్లలు."

"అయితే ఇంటికిపోయి మీ అమ్మనడుగు. తొందరగా కానీ. ఆమె వచ్చేలోపల గది సర్దాల."

"మీ అమ్మాయిగారేనా?"

"కాదు. మా వియ్యపురాలు, మాలకొండమ్మ. వాళ్ళతోపాటే కారులో వస్తాది."

"వస్తే మంచిదేగా. బాలింతకు తోడు."

"తోడుకు రాదు. బిడ్డను తీసకపోయేదానికి వస్తాది. పదకొండో రోజు పురుడు పోసుకున్న వెంటనే. తనే పోతపాలు పట్టి పెంచుతాదంట."

"తల్లి ఉండగానా?"

"ఆ మూల చూడు, పుట్టీ సరిగ్గా అంటలేదు."

"అంటింది. తల్లి ఉండగా ఎందుకమ్మా?"

"అడగనన్నావే!"

"అన్నా. తప్పే."

"తల్లి పక్కలో పెట్టగూడదంట. పోయినేడు నిద్దట్లో బిడ్డ మీదికి దొర్లి నలిపేసిందంట. కోడలి పక్కలో ఇంకో బిడ్డను పెట్టనని అందరిముందూ చెప్పింది. మా అల్లుడు తలొంచుకొని కూర్చున్నాడు. ఊరంతా అదే మాట."

"నిజమేనా అది?"

"నాకేం తెలుసు? తెల్లారి నేను తలుపు తీసినా. బిడ్డ కదల్లేదు. ఇదేమో పక్కనే, ఒళ్ళు తెలీని నిద్దర. పిలిస్తే పలకదు, కుదిపితే కదలదు. నేనూ పనిమనిషీ చెరో పక్కా పట్టి లేపితే కళ్ళు తెరిచింది. ఏ తల్లి అట్టా నిద్దరపోతాది, చెప్పు? నా నోరు జారింది. 'ఏం మొద్దు నిద్దరే నీది, బిడ్డను నలిపేసినావా' అని అరిచినా. బిడ్డను చూసేదానికి ముందురోజే వచ్చిన మాలకొండమ్మ గడపలో నిలబడి ఉండాది. వినేసింది."

"అంటే మొదట అన్నది..."

"నేనే. కన్నతల్లే అన్నాక ఇంకెవరు ఊరుకుంటారు? సరే, సరే. అయిపోయిన మాట. అబ్బయ్యా, ఆ కరెంటు తీగ యాడ దిగుతాది? మంచం కిందకి రాదు గదా?"

"రాదు. ఎందుకని?"

"కుంపటి సెగకు కాలిపోతాదేమోనని."

"ఏ కుంపటి?"

"మంచం కింద పెట్టేది. ఇంకే కుంపటి ఉంటాది?"

"ఈ గదిలో కుంపటి పెడతారా? నేను ఇన్ని తంటాలు పడి చల్లబరుస్తుంటే?"

"మిషను బిడ్డకు, కుంపటి తల్లికి. మా ఆయన మాట ఆయనది, నా మాట నాది. పచ్చి బాలింతను ఆ చల్లగాలిలో ఊరికే పడుకోబెడితే సన్నిపాతం కొట్టదా? నాలుగు బొగ్గులేసి, వెల్లుల్లి పొట్టు, వాము, కాస్త సాంబ్రాణి. వాసన నీ మిషనును ఏం చెయ్యదులే."

"ఉండండమ్మా. నేను దిగుతా."

"ఎందుకు దిగడం? ఇంకో చెక్క కొట్టాల గదా?"

"కొట్టను. ఒక మాట చెప్పండి. పోయినేడు గూడా కుంపటి పెట్టినారా, ఈ గదిలో?"

"పెట్టకుండా ఉంటామా?"

"ఎనిమిది రోజులూనా?"

"ఎనిమిది రోజులూ. ఎందుకట్టా చూస్తావు? పని ఆపి..."

"ఆ చివరి రాత్రి వేరేగా ఏమన్నా చేసినారా? బాగా గుర్తు తెచ్చుకోండి."

"ఏముంది చేసేదానికి? ఆ సాయంత్రం గాలివాన కొట్టింది. ఉన్నట్టుండి చల్లబడింది. బాలింతకు జలుబు చేస్తాదని రెండో కుంపటి గూడా పెట్టినా. ఆ కంతల్లో గుడ్డలు కుక్కింది ఆ పొద్దే. తలుపు కింద చీర దోపి, బయట గొళ్ళెం పెట్టి, నేను అడ్డంగా వసారాలో పడుకున్నా. పిల్లి గూడా లోపలికి పోలేదు, తెలుసా?"

"తెల్లారి లేచినాక మీ అమ్మాయిగారికి తలనొప్పి ఉండిందా?"

"తల పగిలిపోతాదని ఏడ్చింది. బిడ్డ పోయిన ఏడుపు, తలనొప్పి రాదా?"

"వాంతులు?"

"రెండు. నీకెవరు చెప్పినారు?"

"బిడ్డ మొహం నల్లబడిందా?"

"లేదు. ఎర్రగా ఉండింది. నిద్దరపోతున్నట్టే ఉండింది. అందుకే గదా ఒళ్ళోకి తీసుకునిందాకా నాకు తెలవలేదు... నీకెవరు చెప్పినారంటే?"

"కూర్చోండమ్మా."

"నేను కూర్చోను. చెప్పు."

"మా మేస్త్రీతో ఒకసారి ఊటీకి పోయినా, ఒక బంగళాలో ఫ్రిజ్జి రిపేరుకు. అక్కడ చలి. వంటాయన, కారు డ్రైవరు ఒక గదిలో తలుపులేసుకొని, బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నారు. తెల్లారి తలుపు పగలగొట్టినాం. వంటాయన పోయినాడు. మొహం ఎర్రగా, నిద్దరపోతున్నట్టే. డ్రైవరుకు సగం ప్రాణం ఉండాది. లేపితే లేవడు. లేచినాక తల పట్టుకొని వాంతులు. డాక్టరు చెప్పినాడు, మూసిన గదిలో బొగ్గు మండితే ఒక చెడ్డగాలి పుడతాదంట. వాసనుండదు, పొగుండదు. పీల్చినోళ్ళు అట్టనే మత్తులోకి పోతారంట. చిన్న ప్రాణాలయితే ముందు పోతాయంట."

"అబద్ధం."

"నేను డాక్టరును కాదమ్మా. చూసింది చెప్తుండా."

"మా అమ్మ పెట్టింది. మా అత్త పెట్టింది. నాకు ఐదు కాన్పులు, ఐదింటికీ కుంపటి పెట్టినారు. ఎవరికేమయింది? నేను లేనా నీ ముందర?"

"ఆ కాన్పులు ఈ మిద్దెలోనే అయినాయా?"

"ఇదెప్పుడు కట్టినాం? మొన్న. అవన్నీ పాతింట్లో."

"పాతిల్లు పెంకుల ఇల్లేనా?"

"పెంకులే."

"పెంకుల సందుల్లోంచి ఆకాశం కనపడతాది. ఏ గాలయినా పైకి పోతాది. ఇది సిమెంటు మిద్దె. పోయేదానికి ఉండే దారి ఆ రెండు కంతలే. అవి..."

"నేను మూసినా."

"నేను ఆ మాట అనలేదు."

"నువ్వనలేదు. నేనే అంటుండా. నేను మూసినా. నిచ్చెనెక్కి మూసినా."

"తెలిసి చేసినారా అమ్మా? మంచికే గదా చేసినారు."

"ఓరి దేవుడా. ఏడాది నుంచి అది మంచం మీద పడుకోదబ్బయ్యా. గోడకు ఆనుకొని కూర్చొని నిద్దరపోతాది. ఒక్కోరోజు చీర కొంగును మంచం కోడుకు కట్టుకుంటాది, దొర్లకుండా. ఆసుపత్రిలో పాలివ్వడానికి తప్ప బిడ్డను ముట్టుకోలేదంట. నర్సమ్మ చెప్పింది. 'మీ అమ్మాయికి బిడ్డంటే ఇష్టం లేదా' అని అడిగింది నన్ను."

"అయితే ఈ మాట మీ అమ్మాయిగారికి చెప్పాల గదా."

"చెప్పబాక! నీకు దండం పెడతా. ఎవరితోనూ అనబాక. కుంపటి పెట్టను. సరేనా? ఈ జన్మలో పెట్టను. ఎండకు పోయిందని మా ఆయన అనుకుంటుండాడు, అట్టనే ఉండనీ."

"అట్టా ఉంటే బిడ్డను మీ వియ్యపురాలు తీసకపోతాది."

"తీసకపోనీ. వాళ్ళ ఇంట్లో సుఖంగా పెరుగుతాడు."

"తల్లో?"

"తల్లికి... నేను ఏదో ఒకటి చెప్పుకుంటాలే. పోయేటోడివి, నీకెందుకు? నీకు తెలుసా నువ్వేం అడుగుతుండావో? చెప్తే అది ఇంక నన్ను అమ్మా అని పిలుస్తాదా? మా ఆయన నా చేతి నీళ్ళు ముట్టుకుంటాడా?"

"నాకు తెలీదమ్మా. గోడలకు కన్నాలు కొట్టుకునేవాణ్ణి. ఒకటి మాత్రం చేస్తా. ఆ కొట్టిన చెక్క పీకేస్తా. ఒక కంత తెరిచే ఉంచుతా. మిషను కాస్త ఎక్కువ శ్రమపడతాది, పడనీండి."

"పీకెయ్యి. రెండూ తెరిచెయ్యి."

"ఒకటి చాలు."

"రెండూ తెరవమంటుండా!"

"అట్టనే అమ్మా. హారను వినపడతాంది. మీ కారేనా?"

"మా కారే. మిషను వెయ్యి అబ్బయ్యా. చప్పుడన్నా కానీ, నా గుండె నాకు వినపడకుండా."

పద్మనాభయ్య కారు దగ్గర సామాను దించుతూ ఉండిపోయాడు. కరుణాకుమారి బిడ్డను ఎత్తుకుని ముందు వచ్చింది, వెనకే మాలకొండమ్మ. హజరత్తయ్య నిచ్చెన తీసుకుని గోడవారగా తప్పుకున్నాడు.

"ఏంది వదినా, గదిలో మోటారు తోలుతుండారా? అబ్బ, చల్లగానే ఉండాది. కరుణా, ఇంక బిడ్డను నాకియ్యి. నువ్వు పడుకో."

"తీసుకోండత్తా."

"ఇయ్యబాక కరుణా."

"ఏందమ్మా?"

"బిడ్డను ఇయ్యబాక. నీ పక్కలో పెట్టుకొని పడుకో."

"వద్దమ్మా. నాకు భయం. అత్త దగ్గరుంటేనే మంచిది."

"వదినా, మతి ఉండే మాట్లాడుతుండావా? ఇది ఒక బిడ్డను పోగొట్టుకునింది చాలదా?"

"పోగొట్టింది ఇది కాదు వదినా."

"మరెవరంట? ఎండా? మీ ఆయన పాటే నువ్వూ మొదలుపెట్టినావా?"

"ఎండ కాదు. నేను. ఆ రాత్రి మంచం కింద రెండు కుంపట్లు పెట్టి, గాలి దూరే సందు లేకుండా గదంతా మూసినా. బొగ్గుల గాలికి బిడ్డ పోయింది. ఇదీ పోవాల్సిందే, ఎట్నో బతికింది. అది నిద్దర కాదు వదినా, చావుదాకా పోయి వచ్చింది నా కూతురు. నాకూ ఇప్పుడే తెలిసింది. ఆయప్పను అడుగు, ఆ నిలబడినాడే, ఆయప్ప చూసుండాడు ఇట్టాంటిది."

"నిజమేనమ్మా. నేను చూసినాను."

"ఏం మాటలు వదినా ఇవి? బిడ్డను చంపుకున్నానని నీ నోటితోనే..."

"నా నోటితోనే దాన్ని అన్నా, నా నోటితోనే చెప్పాల. కరుణా, నన్ను తిట్టు, కొట్టు, ఇంక నా మొహం చూడబాక, నీ ఇష్టం. ఏమన్నా అనవే తల్లీ. అట్టా చూడబాక. ఏదో ఒకటి అను."

"అమ్మా..."

"అను."

"అయితే నేను దొర్లలేదా, అమ్మా?"