స్టెయినున్‌కి వచ్చిన రాజవంశపు సంబంధం

ఐస్‌లాండ్‌లో ఉత్తరాన ఒక ఊరి ఈతకొలను. పైన మంచు కురుస్తుంటే, పక్కనున్న వేడినీళ్ళ తొట్టెలో మెడదాకా మునిగి కూర్చున్నారు ఒక ముసలాయన, ఆయన మనవరాలిని పెళ్ళాడాలనుకుంటున్న కుర్రాడు.

"తాతగారూ, మీరు సరేనంటేనే పెళ్ళంటోంది స్టెయినున్. అందుకే మా వంశవృక్షం తీయించాను. మాది వైకింగ్ రాజుల రక్తం!"

"ఏ రాజు?"

"వెయ్యేళ్ళ కిందట నార్వే అంతటినీ ఒక్కడే ఏలిన హరాల్డ్."

"ఆ పన్నుల పిశాచా! వాడికి తల వంచలేకే కదోయ్, మా పెద్దలు గొర్రెల్ని ఓడెక్కించుకుని ఇక్కడికి పారిపోయి వచ్చింది! ఇప్పుడు వాడి వంశంవాణ్ణి మా ఇంటి అల్లుణ్ణి చేసుకోమంటావా?"

"అంత వెనక్కి వెళితే ఈ తొట్టెలో అందరూ ఆయన మనవలేనండీ. మీరు కూడా!"

"నోర్ముయ్, ఎవరైనా వింటారు. దగ్గరి తరాల్లో చెప్పుకోదగ్గవాడు ఒక్కడూ లేడా?"

"మా ముత్తాత ఉన్నాడు గానీ... గొర్రెల దొంగ."

"ఎవరి గొర్రెలు?"

"మీ తాతగారివేనట."

"తీసుకెళ్ళేటప్పుడు మావాళ్ళ చేత దణ్ణం పెట్టించుకున్నాడా?"

"లేదండీ. భయపడుతూ, చప్పుడు చెయ్యకుండా తోలుకెళ్ళాడట."

"అయితే రాజుకంటే మర్యాదస్థుడే. సరే, పెళ్ళి చేసుకోండి. విందుకి గొర్రెలు మాత్రం మీవాళ్ళే తేవాలి."

"తప్పకుండా తాతగారూ!"

"ఈసారి కొని తేవాలి."