జడ అల్లిన వాలు

1991 జూలై 8వ తేదీ సోమవారం నాడు, రిడ్జ్ గుట్టల మీద సన్నని వాన పొగలా వేలాడుతున్న ఉదయాన, సత్తెనపల్లి నుంచి వచ్చిన శ్రీమతి నాగమల్లేశ్వరి గారు ఢిల్లీలోని మన వాలు సంరక్షణ విభాగంలో జూనియర్ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. ముప్పై నాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ ఆగస్టు ముప్పై ఒకటిన అసిస్టెంట్ ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్లకు ఒక్కటంటే ఒక్క మెట్టేనా అని కొత్తవాళ్లు ముక్కున వేలేసుకోవచ్చు. ఆ సంగతికే వస్తున్నాం.

చేరిన వారంలోనే ఒక ముచ్చట జరిగింది. వాలు పరిశీలనలో ముందు నడుస్తున్న తోటమాలి రామ్‌ఫల్ వెనక్కి తిరిగి, "మేడమ్‌జీ, జడ్ సంభాల్‌కే!" అని కేకవేశాడు. అడ్డంగా ఉన్న వేరు చూసుకోమని ఆయన హెచ్చరిక. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన నాగమల్లేశ్వరి గారేమో, "ఓరి నాయనో!" అంటూ నడుము దాకా వేలాడే తన జడను చటుక్కున ముందుకు లాక్కుని, ఆ వేరే తన్నుకుని బోర్లా పడ్డారు. రామ్‌ఫల్ నవ్వాపుకుంటూ మట్టి తవ్వి, "యే హై జడ్" అని చూపించాడు.

ఆ గోతి ముందు వారు మధ్యాహ్నం దాకా కూర్చుండిపోయారట. వెంట్రుకల్లాంటి సన్నవేళ్లు పైమట్టిని పాయలు పాయలుగా అల్లుకున్నాయి. లావువేళ్లు ఆ మట్టిని దాటి, లోపలి గట్టినేలను పట్టుకున్నాయి. "ఇదీ జడే కదయ్యా!" అన్నారు. నాటి నుంచి వేళ్లు దట్టంగా పెనవేసుకున్న చోటును రిపోర్టుల్లో 'జడ వాలు' అనే రాశారు. ఆ మాట హిందీవారికి వేరుగా, మనకు అల్లికగా అర్థమై, ఇద్దరికీ ఒప్పే అయింది. వాన వెలిసిన పూటల్లో వాలెక్కి, తడిమట్టికి అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు ఉండిపోయేవారు. ఏమిటని అడిగితే, "లోపల వేళ్లు నడుస్తన్నాయి, వింటన్నా" అనేవారు.

2017లో అసలు పరీక్ష వచ్చింది. మన క్వార్టర్ల వెనుక నిటారు వాలు మీది వేప, మోదుగ చెట్ల నుంచి కోతులు ఇళ్లల్లోకి దిగుతున్నాయని, చెట్లు కొట్టించమని కింది నలభై రెండు ఇళ్లవారూ అర్జీ పెట్టారు. నాగమల్లేశ్వరి గారి ఇల్లూ అక్కడిదే. వాలులో తూర్పు సగం వారి బాధ్యత, పడమటి సగం మరొకరిది. అప్పటి పై అధికారి శ్రీ సదాశివరావు గారు పిలిచి, "చెట్లు లేకపోయినా వాలు భద్రమేనని సంతకం పెట్టమ్మా, రెండో ప్రమోషన్ వాకిట్లో ఉంది" అన్నారు.

"కొట్టిన ఏడాది ఏం కాదు సార్. నాలుగైదేళ్లకు వేళ్లు కుళ్లాక జారుద్ది. అప్పటికి ఈ కుర్చీల్లో మనం ఉండకపోవచ్చు, కింద పిల్లలుంటారు. నేను పెట్టను."

పడమటి సగానికి సంతకం పడింది. అక్కడి చెట్లు పోయాయి. వారి ప్రమోషనూ పోయింది. ఇరుగుపొరుగు పలకరింపులు మానేశారు, పిల్లలు "బందర్‌వాలీ ఆంటీ", అంటే కోతుల ఆంటీ, అని పేరు పెట్టారు. బాధపడలేదంటే అబద్ధం, సరోజినీ నగర్ బజారులో ఎదురుపడి కూడా తల తిప్పుకున్న స్నేహితురాలిని తలచుకుని వారు ఈనాటికీ కళ్లు తుడుచుకుంటారు.

2022 జూలైలో మూడు రోజులు ముసురు పట్టి, పడమటి సగం ఒక్కసారిగా జారి, అదృష్టవశాత్తూ ఖాళీగా ఉన్న స్కూటర్ల షెడ్డును పూడ్చేసింది. ఇళ్లకు పైనున్న తూర్పు సగం, వానలోనే నిద్రపోతున్నట్టు, కదలలేదు. ఆ సాయంత్రం విశ్రాంత జీవితం గడుపుతున్న సదాశివరావు గారు జనక్‌పురి నుంచి ఫోన్ చేసి, "నా మాట విననందుకు నీకు దణ్ణం తల్లీ" అన్నారు. నాగమల్లేశ్వరి గారు గుమ్మంలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. వారి పదవి పెరగలేదు. ఆ నలభై రెండు ఇళ్లల్లో పిల్లలు పెరిగారు.

జారిన సగంలో వారే దగ్గరుండి మోదుగ మొక్కలు నాటించారు. వాటి వేళ్లు గట్టినేలను అందుకోవడానికి ఇంకా పదిహేనేళ్లు పడుతుందని వారి అంచనా. మన విభాగంలో ఆ అంచనాను సరిచూడగలిగిన మనిషి మరొకరు లేరు. కనుక నాగమల్లేశ్వరి గారు ఆయురారోగ్యాలతో, గట్టి మోకాళ్లతో, పదిహేనో వర్షాకాలాన ఆ వాలెక్కి, తడిమట్టికి చెయ్యి ఆనించి, "పట్టుకున్నాయి" అని మాకు చెప్పాలి.