కోటు మామ జర్మన్ కారు

"ఆగండ్రా, కొండ ఎక్కడికీ పారిపోదు. టీ ఇంకా వేడిగానే ఉంది. ఈలోగా ఒక సంగతి చెప్తా, వినండి."

ఈ మాట అన్నాడంటే కోటు మామ కోతలు మొదలెట్టినట్టే. నాది టీ కొట్టు. రోడ్డుకి అవతల మామ టైలరింగ్ దుకాణం. ఊళ్ళో ఏ పెద్దమనిషి ఒంటిమీద కోటు చూసినా అది ఆయన కుట్టిందే, అందుకే ఆ పేరు. దుకాణం పక్క షెడ్డులో, తనే కుట్టిన గుడ్డ ముసుగు కింద, ఆయన పాత జర్మన్ కారు ఉంటుంది. ఆదివారం పొద్దున్నే కార్ల పిచ్చోళ్ళంతా నా బెంచీల మీద చేరతారు. మామ తాళం తీసి ఎవరో ఒకరి చేతిలో పెడతాడు, వాళ్ళు నడుపుతారు, మామ పక్కన కూర్చుంటాడు. అంత మంచి బండిని అంత సులువుగా చేతికిచ్చే మనిషి ఇంకొకడు లేడని అందరూ మెచ్చుకుంటారు.

ఆ ఆదివారం మాత్రం చిక్కొచ్చి పడింది. ఈ జట్టుకి నాయకుడు ఒక ఇన్సూరెన్సు ఏజెంటు. అంతకుముందు వారం ఒకరి కారు ఇంకొకరు నడిపి, గోడకి గీరించి, ఆ ఇద్దరూ మాటలు మానేశారు. దాంతో ఏజెంటు కొత్త రూలు పెట్టాడు. కొండ మీదికి వరసగా వెళ్దాం, ఎవరి బండి వాళ్ళే నడపాలి, లేదంటే ఆ బండి ఇక్కడే ఉంటుంది. లెక్కల టీచరమ్మ కారు క్లచ్చు పోయి మెకానిక్ దగ్గరుంది, అందుకని ఆవిడ మిగతావాళ్ళని సాగనంపడానికి వచ్చినట్టు ఒక మూల కూర్చుంది. ఈ రూలు ప్రకారం మామ కూడా మూలనే కూర్చోవాలి. ఎందుకో నాకు తెలుసు, రోజూ ఎదురుగా ఉండేవాణ్ణి కదా. కానీ అది నేను చెప్పాల్సిన మాట కాదు. మామ వారమంతా ఎదురుచూసేది ఈ ఒక్క పూట కోసమే.

"ఈ కారు ఎలా కొన్నానో చెప్పానా? చెప్పానా... అప్పుడు సగమే చెప్పుంటా. ఓడలు నడిపిన కెప్టెన్ ఒకాయన, రిటైరై ఇంట్లో ఉన్నాడు, కూతురి పెళ్ళికి కోటు కావాలని కబురు పెడితే టేపు మెడలో వేసుకుని వెళ్ళా. భుజాలు కొలిచా, ఛాతీ కొలిచా, చెయ్యి పొడుగు కొలుస్తుంటే కిటికీలోంచి కనబడింది. చెట్టు కింద, పైనంతా ఆకులు రాలి, టైర్లలో గాలి లేక చతికిలబడి ఉంది పాపం. ఏంటండీ అది అన్నా. జర్మన్ కారు, పందెం గుర్రం లాంటిది, ఇప్పుడు దాని మొహం చూసేవాళ్ళు లేరు అన్నాడు. సరేలే అని వెళ్ళి తలుపు తీశా. తీశానా, ఇక నా కాలు కదిలితే ఒట్టు. సీటు తోలు మీద రెండు వరసల కుట్టు. ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒక్క పోగు పక్కకి జరగలేదు, అన్నేళ్ళు ఎండలో మగ్గినా దారం వదులు కాలేదు. సీటే ఇంత శ్రద్ధగా కుట్టినవాళ్ళు ఇంజను ఇంకెలా చేసుంటారో అనిపించింది. కెప్టెన్ చెయ్యి కొలవడం సగంలో వదిలేసి, కారు నాది అని చెప్పేశా. ఇంటికొచ్చి మీ అత్తయ్యకి చెప్తే, 'బాగానే ఉంది, నడిపేదెవరు' అంది. ఆ మాట ఇప్పుడు పక్కన పెట్టండి."

"ఇంతవరకూ నిజమే," అన్నాను నేను.

"నువ్వు పాలు పొంగకుండా చూసుకో. ఇంతకీ, కారుని ఇంటికి తెస్తుంటే ముందు ఒక బస్సు. దారివ్వడే. హారన్ కొడితే వినడే. సరే అని దాటేశాం. దాటడమంటే అలాంటిలాంటి దాటడం కాదు, బస్సులో కండక్టరు టికెట్టు చింపుతున్నాడు, అది చిరగడం పూర్తయ్యేలోపల మేం ఇక్కడికొచ్చి, టీ తాగి, గ్లాసు వీడి చేతికిచ్చేశాం."

"మేం అంటే ఎవరెవరు మామయ్యా?" టీచరమ్మ అడిగింది.

"నేనూ, కారూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో రోజు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, ఆకాశానికి చిల్లు పడినట్టు. రోడ్డు మీద బళ్ళన్నీ పక్కకి ఆపేసుకున్నారు. మేం మాత్రం ఆగలేదు. ఇంటికొచ్చి చూస్తే కారు మీద చుక్క తడి లేదు, ముట్టుకుంటే దుమ్ము రాలుతోంది. ఎందుకంటారు? పైనుంచి చినుకు బయల్దేరి కిందికి వచ్చేసరికి మేం ఆ చోట ఉంటే కదా. ఆ చినుకు కింద తల పెట్టుకోవాల్సింది వెనకొచ్చేవాడు."

"వైపర్లు వెయ్యలేదా?" అన్నాడు పళ్ళ డాక్టరు. ఈయనకి కొత్త కారుంది, నమ్మకం కూడా కొత్తదే, ఇంకా గీతలు పడలేదు.

"వాటికి పనేముంది డాక్టరూ. పడుకున్నాయి. రేడియో సంగతి చెప్తే మీరసలు నమ్మరు. పాట పెట్టుకుని బయల్దేరాం, పల్లవి అయ్యింది, ఇంక చరణం రాదే. రేడియో చెడిపోయిందనుకున్నా. షెడ్డులోకి వచ్చి ఆపి, తలుపు తీసి, ముసుగు కప్పుతుంటే అప్పుడు మెల్లగా వెనక వీధిలోంచి వచ్చి చేరింది చరణం. పాటదాకా ఎందుకు, నీడ. మా నీడే మమ్మల్ని అందుకోలేకపోయింది. రోడ్డు పక్కన ఆపి ఎదురుచూస్తే వగరుస్తూ వచ్చింది, దానికి మంచినీళ్ళు పోద్దామా అనిపించింది నాకు."

డాక్టరు టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి తాగడం మర్చిపోయాడు. మామకి ఇది చాలు. ఇలాంటి శ్రోత ఒక్కడు దొరికితే ఆయన ఊరు దాటి మబ్బుల్లోకి వెళ్తాడు.

"మరి మలుపుల్లో ఎలా మామా, అంత వేగంలో?" ఏజెంటు కూడా ముందుకి జరిగాడు.

"మలుపుల్లోనా? బ్రేకు వెయ్యి, బ్రేకు వెయ్యి అని నేను అరుస్తూనే ఉన్నా."

"ఎవర్ని?"

మామ ఒక గుక్క టీ తాగాడు. "కార్ని. జర్మన్ కారయ్యా, చెప్తే వింటుంది. మన కార్లలా మొండితనం ఉండదు. సరే, అసలు సంగతి వినండి. ఒక రోజు ఇదే కొండ రోడ్డు. చల్లగాలి వేస్తోంది, ఫ్లాస్కులో వీడి టీ ఉంది. పెద్ద మలుపు తిరగ్గానే ఎదురుగా వంతెన ఉండాలి కదా, లేదు. మధ్యలో తెగి కిందున్న ఏట్లో పడింది. ఇంకొకడైతే ఏం చేసేవాడు? ఆగిపోయేవాడు. జర్మన్ కారుకి ఆ సంగతే తెలీదు. రోడ్డు అయిపోయిందన్న కబురు దానికి అందేలోపల గాల్లోకి లేచిపోయింది. లేచింది, లేచింది, లేస్తూనే ఉంది. కింద ఏరు దారప్పోగులా కనబడుతోంది. పక్కనే ఒక కొంగల గుంపు పోతోంది, అందులో ముందున్నది మా వైపు చూసి దారి ఇచ్చింది, ఆ బస్సువాడి కంటే నయం. గాల్లో కుదుపు ఉండదు కదా, హాయిగా టీ పోసుకున్నా. అప్పుడు చూశానండీ, సీటు అంచున కుట్టు ఊడి ఉంది."

"గాల్లోనా?" అన్నాడు డాక్టరు.

"గాల్లోనే. అంత ఎత్తున తోలు బిగుసుకుంటుంది మరి. ఒక పోగు తెగితే పక్కది తెగుతుంది, అది తెగితే సీటంతా విచ్చుకుంటుంది. కారు ఏమైనా పర్లేదు, ఆ కుట్టు మాత్రం పోకూడదు. చొక్కా కాలరులో ఎప్పుడూ ఒక సూది గుచ్చుకుని ఉంటా, ఇదిగో చూడండి, ఇప్పుడూ ఉంది. టీ గ్లాసు మోకాళ్ళ మధ్య ఇరికించా. సూది కుడిచేత్తో తీశా, తోలు ఎడంచేత్తో లాగి పట్టా, ఆ జర్మనీవాళ్ళు ఎంతెంత ఎడంలో కుట్టారో అంతే ఎడంలో, ఒంచిన తల ఎత్తకుండా కుట్టుకుంటూ పోయా. ఆఖరి ముడి వేసి దారం పంటితో తెంపానా, టైర్లు అవతలి ఒడ్డున ఆనాయి. గ్లాసులో టీ తొణకలేదు."

మామ గొంతు ఇంకొంచెం పెంచాడు.

"ఈ సంగతి ఎలా పాకిందో పాకింది, ఆ కారు చేసిన ఫ్యాక్టరీ పెద్ద ఇంజనీరు జర్మనీ నుంచి ఫోను. నమ్మకం కుదరక తనే వచ్చాడు. బానెట్టు ఎత్తి చూడలేదు, ఇంజను చూడలేదు. తిన్నగా నేను కుట్టిన చోటు మీద వేలు పెట్టి, ఇటు చూశాడు, అటు చూశాడు, మాది ఎక్కడ అయిపోయింది మీది ఎక్కడ మొదలైంది అని అడిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇక మీదట మా కార్లన్నీ మీ దగ్గరికే పంపుతాం, మీరు కూర్చుని సరే అంటేనే బయటికి వదుల్తాం అన్నాడు. నాకు ఖాళీ ఉండదు, పెళ్ళిళ్ళ కోట్లున్నాయి అని చెప్పి పంపేశా."

ఏజెంటు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మామకి ఊహించని ఫలితం వచ్చింది.

"మామా, ఇంతటి డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టి ఇన్నాళ్ళూ మేం నడిపామా? సిగ్గేస్తోంది మాకు. ఇవాళ వరసలో ముందు బండి మీదే. మీరు నడపండి, మేమంతా మీ వెనకే వస్తాం."

మామ తప్పేది లేక షెడ్డుదాకా నడిచాడు. ముసుగు తీశాడు, మడత పెట్టాడు, మడత బాగోలేదని విప్పి మళ్ళీ పెట్టాడు. అద్దం తుడిచాడు. డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి, టైరు వంక చూసి, తిరిగొచ్చాడు. కార్ల వాళ్ళంతా రోడ్డు మీదికొచ్చి చూస్తున్నారు. తాళం ఆయన ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ ఉండడం నాకు ఇటువైపు నుంచే కనబడింది. ఎంత బరువు కత్తెరైనా ఆడించే చేతులవి. నాకు చాలా జాలేసింది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచేలోపల టీచరమ్మ లేచి రోడ్డు దాటింది.

"మామయ్యా, నాకొక లెక్క తేలడం లేదు," అంది, క్లాసులో అడిగినట్టు మెత్తగా. "మీరు గాల్లో ఉన్నారు. సూది కుడిచేతిలో ఉంది. తోలు ఎడంచేతిలో ఉంది. గ్లాసు మోకాళ్ళ మధ్య ఉంది. తల ఒంచే ఉంది. మరి స్టీరింగు ఎవరి చేతిలో ఉంది?"

డాక్టరు తన రెండు చేతులూ ముందు పెట్టుకుని, ఒకదానితో కుట్టి, ఇంకోదానితో లాగి చూసుకున్నాడు. మూడోది లేదు. ఏజెంటు మొహంలో ఒక్కో ఆదివారమే వెనక్కి తిరుగుతున్నట్టుంది. మామ స్టీరింగు పట్టుకోగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

గాలి తీసేసిన టైరులా మామ కుంగిపోతాడనుకున్నా. కుంగలేదు. కాలరు సర్దుకుని, సూది ఉందో లేదో తడుముకుని, ఏజెంటు వైపు తిరిగాడు.

"ఏజెంటు బాబూ, నీ ఒంటిమీదున్న కోటు ఎవరు కుట్టారు?"

"మీరే మామా."

"డాక్టరు పెళ్ళి కోటు?"

"మీరే."

"నన్నెప్పుడైనా కోటులో చూశారా?"

ఎవరూ చూడలేదు. అన్నేళ్ళుగా ఎదురుగా ఉన్న నేనూ చూడలేదు.

"మీరు వేసుకుని తిరుగుతుంటే నేను చూసుకుంటా. నాకు అందులోనే సంతోషం. కారైతే మాత్రం నేనే తొడుక్కోవాలా?"

ఏజెంటు తన కోటు అంచు పట్టుకుని దాని కుట్టు చూసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"నేను పెట్టిన రూలు ఏంటి? ఎవరి బండిలో వాళ్ళు ఉండాలనే కదా," అన్నాడు అందరి వైపూ చూసి. నడపాలి అన్నాడని అక్కడున్న అందరికీ గుర్తే. అయినా అందరూ అవునవునని తలూపారు. "టీచర్ గారికి ఇవాళ బండి లేదు. ఆవిడ నడుపుతారు. ముందు బండి మాత్రం మామదే."

మామ తాళం టీచరమ్మ చేతిలో పెట్టి, అవతలి తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. కూర్చోగానే చెయ్యి దానంతట అదే సీటు అంచున ఉన్న కుట్టు మీదికి వెళ్ళింది. నేను ఫ్లాస్కు తెచ్చి కిటికీలోంచి అందించాను. కారు రెండుసార్లు దగ్గి, మూడోసారికి అంటుకుని, నడిచేవాళ్ళు దాటిపోయేంత నెమ్మదిగా రోడ్డెక్కింది.

"చూశారా టీచరమ్మా," మామ గొంతు అప్పటికే మామూలయ్యింది, "అప్పుడే మన నీడ ఎంత వెనకబడిపోయిందో."

టీచరమ్మ కిటికీలోంచి కిందికి చూసింది.

"అది మన కిందే ఉంది మామయ్యా. ముందు మీరు బెల్టు పెట్టుకోండి."