గొంతు కలవని స్పీకరు

శంకర్ నగర్ ఆడియో షాపులో సేఠ్ కొత్త స్పీకరు పెట్టె తేవడానికి లోపలికి వెళ్లాడు. అక్కడ తెలుగు తెలిసినవాళ్లెవరూ లేరు గనక, మొగుడితో వచ్చిన ఆవిడ గొంతు తగ్గించలేదు.

"ఇంట్లో పాత స్పీకరుందిగా, అదే మధ్యలో పెట్టుకోవచ్చుగా?"

"అది వేరే కంపెనీది. సినిమాలో మాటలన్నీ మధ్యదాన్లోంచే వస్తాయి. పక్క రెండింటితో కలవకపోతే, ఎడమ నుంచి కుడికి నడిచే మనిషికి దారిలో గొంతు మారిపోద్ది."

"మారితే కొంపేం మునిగింది?"

"అన్నది అన్నట్టు వినపడొద్దా?"

"మనింట్లో వినపడుతోందా? మీరూ మావయ్యగారూ మాట్లాడుకుని దీపావళికి రెండేళ్లు. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ నేనేగా మోస్తున్నాను. నేనూ వేరే కంపెనీదాన్నే."

"ఆయన అన్నదేగా చెప్తావు?"

"మొన్న 'నాన్నగారు మీరు తిన్నారా అని అడిగారు' అన్నానే. ఆయన అడిగింది, 'ఆ గాడిద మేసిందా' అని."

"ఓహో!"

"మీరు 'ముసలాయన్ని టీవీ బంద్ చెయ్యమను' అన్నారు. నేను 'మీ కళ్లు నొప్పెడతాయని ఆయన బెంగ, మావయ్యా' అన్నాను."

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. మావయ్యగారే. చాలాసేపు విని, "అలాగేనండీ" అని పెట్టేసింది.

"ఏమంటారు?"

"మీకోసం భోంచెయ్యకుండా కూర్చున్నారట. త్వరగా రమ్మంటున్నారు."

"నిజంగా ఏమన్నారు?"

"అన్నది అన్నట్టే చెప్పమంటారా?"

సేఠ్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఏక్‌దమ్ మ్యాచింగ్, సర్!"

ఆయన పెట్టెకేసి చూశాడు, భార్యకేసి చూశాడు.

"వద్దులే. వచ్చేస్తున్నామని చెప్పు. నీ మాటల్లోనే చెప్పు."