డ్యూరాహ్ వాగు దగ్గర చుక్క

ఏదీ, ఇలా తే నీ పటం, కళ్ళద్దాలు పెట్టుకోనీ. బడిపిల్లలకి చూపించడానికా? బాగానే గీశావు గానీ అఫ్రా, ఈసార్ నదిని ఇలా తాడు పరిచినట్టు గీస్తే ఎలాగే? మీ తాత క్విరీన్ చూసుంటే "ఇది నదా, బూటు తాడా?" అనేవాడు. మా అన్నయ్యని చెప్పడం కాదు, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని ఏ వాగు పొంగిందో చెప్పేసేవాడు. రిస్ వాగు నీళ్ళు పాలు కలిపినట్టు పచ్చగా ఉంటాయి. యాహెన్ వాగు వాల్హెన్ సరస్సులోంచి వస్తుంది కదా, దానికి తొందరుండదు. డ్యూరాహ్ మాత్రం, అమ్మో, పొద్దున మోకాలి లోతు, మధ్యాహ్నానికి మనిషి నిలువు. ఆ కింద యాహెన్, ఇంకా కిందికి పోతే లోయిసాహ్, మ్యూనిక్ దాటాక ఎక్కడో వెళ్ళి డాన్యూబ్‌లో పడడం. అక్కడిదాకా దుంగల తెప్ప మీద వెళ్ళొచ్చిన మనిషి వాడు. ఇప్పుడేముంది? రిస్ వాగుని సొరంగంలోకి తోలేశారు, మా పాత ఊరిని ఆనకట్ట నీళ్ళలో ముంచేశారు. డ్యూరాహ్ వచ్చి కలిసేచోట చుక్క పెట్టావే, అది కూడా నీళ్ళ అడుగునే ఉంది. మీ తాత పోయింది అక్కడే.

తెలుసంటావు. తాగి పడ్డాడనే కదా నీకు తెలిసింది? ఊరంతా అదే అంది, పాద్రీ కూడా శవపేటిక ముందు నిలబడి "మద్యం ఎంత చెడ్డదో చూడండి" అన్నాడు. మీ నాయనమ్మ తల వంచుకుని వింది, నేనూ విన్నాను. అసలు జరిగింది చెప్తా, మధ్యలో అడ్డు రాకు, ఆగితే మళ్ళీ చెప్పలేను. డ్యూరాహ్ పైన చెక్క ఆనకట్ట ఉండేది. నీళ్ళు నింపి, కొట్టిన దుంగలు దాని ముందు పడేసి, తలుపు లేపితే ఒక్క ఉరుకున అన్నీ కిందికి కొట్టుకొచ్చేవి. తలుపు లేపేముందు అక్కడ కాపలా ఉండే ఆల్టో పెద్దాయన ఇంటికప్పు మీద పరిచేలాంటి పలకచెక్క ఒకటి అప్పటికప్పుడు దుంగలోంచి చీల్చి, గాటు పెట్టి వాగులో వదిలేవాడు. కింద బండ మీద కూర్చున్నవాళ్ళు ఆ చెక్క కనపడగానే బూర ఊదాలి, నీళ్ళలో ఉన్నవాళ్ళు గట్టెక్కాలి. జపమాల ఒకసారి తిప్పేంత సేపుండేది, అంతే. ఆరోజు బండ మీద నేను. పంతొమ్మిదేళ్ళు నాకు. మిగతావాళ్ళు గుడిసెలో రొట్టె తింటున్నారు, అన్నయ్య ఒక్కడూ కొక్కెం కర్ర పట్టుకుని కింద ఇరుకులో ఇరుక్కున్న దుంగని కదుపుతున్నాడు. "ఏమే, నిద్రపోతున్నావా పైన?" అని అరిచాడు. "నువ్వు పని చూసుకోరా, నేను మెలకువగానే ఉన్నా" అన్నాను. చెక్క వచ్చింది. వచ్చిందే! నేనే కర్రతో ఒడ్డుకి లాగాను. చూస్తే బూడిదరంగు. కొత్తగా చీల్చింది తెల్లగా మెరవాలి కదా? గాటుంది, కానీ చెక్క పాతది. పోయినవారం వదిలింది ఏ రాళ్ళలోనో చిక్కుకుని ఇప్పుడు ఊడి వచ్చిందిలే అనుకున్నాను. ఉత్తపుణ్యానికి బూర ఊదితే అందరూ వెక్కిరిస్తారని ఊరుకున్నాను. తర్వాత తెలిసింది, ఆల్టో గొడ్డలి పిడి విరిగిందట, తన గుడిసె కప్పు మీది పాత చెక్కే పీకి, గాటు పెట్టి వదిలాడట.

నీళ్ళూ దుంగలూ ఒక్కసారే వచ్చి వాణ్ణి లాక్కుపోయాక అందరూ పరిగెత్తుకొచ్చి "బూర ఊదావా?" అని అడిగారు. "ఊదాను" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఒకడైతే "అవును, నాకూ వినపడింది" అన్నాడు, చూడు మరి! మరి క్విరీన్‌కి ఎందుకు వినపడలేదు? దుంగలు దింపే మొదటిరోజు కదా, మనిషికో కూజా బీరు పోశారు, అదీ సంగతి అని తేల్చేశారు. వాడికి రెండ్రోజులుగా కడుపు బాగోలేదు, తన కూజా పక్కవాడికిచ్చి మజ్జిగ తాగాడు. నేను చూశాను. చెక్కని ఆ సాయంత్రం పొయ్యిలో పెట్టేశాను. అప్పటికి మీ నాన్న లెంట్స్‌కి రెండేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి, ఒక్క చుక్క ముట్టినవాడు కాదు. తన పెళ్ళిలో కూడా గ్లాసు బోర్లించి కూర్చున్నాడు, అందరూ నవ్వారు. తెప్పలవాళ్ళ పండగకి ఏనాడూ గడప దాటలేదు, "తాగుబోతు కొడుకు వచ్చాడంటారు అత్తా" అంటాడు నాతో. నాతో! నేను వాడి ప్లేటులో ఇంకో మాంసం ముక్క వేస్తాను. ఏం చెయ్యను మరి?

అలా చూడకే. తిట్టాలనుంటే తిట్టు. ...మీ నాన్నకి నువ్వెందుకు చెప్పడం, నేనే చెప్తాను. కలుపు ఫోను, ఇప్పుడే కలుపు, రేపటికి నాకు ధైర్యం ఉండదు. మోగుతోందా? ఇటివ్వు. ఆఁ, ఒరేయ్ లెంట్స్, నేనురా, అత్తని. బాగానే ఉన్నా. అఫ్రా ఇక్కడే ఉంది, నా పక్కనే. అది కాదురా, నీకొకటి చెప్పాలి... మీ నాన్న... ఆ రోజు మీ నాన్న... ఆఁ, ఉన్నా, లైన్లోనే ఉన్నా. ఏం లేదు, ఊరికే. మీ వైపు మంచు పడుతోందా?