శ్యామలాంబ ఎక్కిన బండి

బండిని ట్రాలీకి తాళ్లేసి గట్టిగానే కట్టావా మణీ? ఆ ముందు చక్రం కాడ తాడు ఓసారి లాగి చూడు. ఊఁ, ఇంకాస్త బిగించు. రేవు దాటించే పంటు ఇంకా అవతలొడ్డునే ఉంది, దాని మీదకి ట్రాక్టరు ఎక్కిస్తున్నారు, వాళ్లిప్పట్లో కదలరు. రా, ఆ కొబ్బరి దుంగ మీద కూర్చో, కాస్త నీడగా ఉంది. ఏంటీ? ఓహో, అదా. నాలుగు చక్రాల స్పోర్ట్సు బండికి వెనకాల ఈ కుర్చీ ఏంటి, ముందు ఈ ఇనప బుట్ట ఏంటి, బంగారంలాంటి బండిని ఇలా పాడుచేసిందెవరు తాతయ్యగారూ అనా. ఇంకెవరు, మీ అమ్మని కన్న తండ్రి, మా అచ్చిబాబే. నీకు గుర్తుండడులే, నువ్వు ఉయ్యాల్లో ఉండగానే పోయాడు. రాజమండ్రి తీసుకెళ్లి ఇవన్నీ ఊడబీకించి మళ్లీ కొత్తలో ఉన్నట్టు చేయిస్తావా, చేయించుకో, నాకేం, మీ తాత బండి, నీ ఇష్టం. కాకపోతే ఊడబీకే ముందు అవెందుకు పెట్టాడో తెలుసుకుంటే మంచిదని, అంతే.

మీ తాతా నేనూ ఒకే ఈడు వాళ్లం. పక్కపక్కనే అరటి తోటలు, మధ్యలో కంచె కూడా లేదు. మనిషికి ఇనుమంటే పిచ్చి. నీళ్ల ఇంజను చెడితే మెకానిక్కుని పిలవడు, తనే విప్పుతాడు. విప్పడం వచ్చు, బిగించాక ఎప్పుడూ రెండు బోల్టులు మిగిలేవి. "ఇవి ఎక్కువిచ్చాడ్రా కంపెనీవాడు" అనేవాడు. సరే, అదలా ఉంచు. ఆ కుర్చీ మీ అమ్మమ్మ కోసం. శ్యామలాంబకి మోకాళ్లు పోయాయి. గోడ పట్టుకుని వంటింటి దాకా, వంటింట్లోంచి అరుగు దాకా, అంతే ఆవిడ ప్రపంచం. అలా ఉండగా అచ్చిబాబుకి గుండె జబ్బు చేసి కాకినాడలో కోసి కుట్టారు. ఆపరేషనని కబురు రాగానే ఆవిడ ఇక్కడ ఇంట్లో కూర్చుని మొక్కేసుకుంది, ఈయన బతికొస్తే అన్నవరం కొండ మీద ఇద్దరం పీటల మీద కూర్చుని వ్రతం చేయించుకుంటాం స్వామీ అని. మొక్కేటప్పుడు తన మోకాళ్లు గుర్తురాలేదు మహాతల్లికి! మనిషి బతికొచ్చాడు. ఇప్పుడు మొక్కు తీర్చాలా, వద్దా?

నువ్వు రాజమండ్రిలో పెరిగినోడివి, గోదారి నడిమిన ఉన్న మన లంక సంగతి నీకు తెలీదు. వానాకాలం గోదారి గుమ్మం దాకా వచ్చి పలకరిస్తుంది. ఎండాకాలం అలిగినట్టు అదిగో, అంత దూరం పోతుంది. ఇంటికీ రేవుకీ మధ్యన అంతా ఇసకే, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోతుంది. ట్రాక్టరు ఉందిగా అంటావు. దాని వెనక ట్రక్కు ఎక్కాలంటే కాలు నడుం దాకా ఎత్తాలి, ఆవిడ అరుగు మెట్టే ఎక్కలేదాయె. ఓసారి నలుగురం కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చాం. రేవులో ఎవడో "పెళ్లికూతుర్ని బుట్టలో తెస్తున్నారర్రోయ్" అని నవ్వాడు. ఆవిడ మొహం మీంచి కొంగు తియ్యలేదు. ఇంటికొచ్చాక తేల్చి చెప్పేసింది, "ఏవండీ, ఇంక నన్నీ గుమ్మం దాటించకండి. పంతులుగారిని పిలిచి వ్రతం ఇంట్లోనే చేయించుకుందాం, స్వామి ఎక్కడైనా స్వామేగా" అని. అచ్చిబాబు ఒప్పుకోడే! "కొండ మీదని మొక్కి వంటింట్లో తీరుస్తావా, ప్రాణం నాదే, నాకు భయంగా ఉండదూ" అంటాడు. "పోనీ మీరొక్కరే వెళ్లి రండి" అంది. అప్పుడు చూడాలి మొహం. "పీటల మీద ఒక్కణ్నే కూర్చుంటే నువ్వు పోయావనుకుంటారే" అని, అంత మనిషీ కళ్లనీళ్లు పెట్టేసుకున్నాడు. అదిగో, ఆ రోజు పట్టిన పట్టు.

ఆ పట్టు మీద ఉండగా విశాఖపట్నం అవతల ఎవరిదో రిసార్టు మూసేస్తున్నారని, బీచి ఇసకలో తిప్పిన నాలుగు చక్రాల బండి పాతది అమ్ముతున్నారని విన్నాడు. ఇంకేముంది, నన్ను లేవదీశాడు. వెళ్లి చూస్తే ఇది. కుర్రాళ్లు గంతులేయించే బండి. ఒక్కడికే సీటు, వెనక్కెళ్లే గేరు లేదు, బొటనవేలితో నొక్కే ఏక్సిలేటరు, సైలెన్సరు చప్పుడికి పక్కింటి గేదె పాలివ్వడం మానేస్తుంది. "ఒరే, ఇది చెల్లెమ్మ ఎక్కే బండేనా" అన్నాను. "సీటు ఎత్తు చూడరా, సరిగ్గా మంచమంత. మోకాలు ఎత్తక్కర్లేదు, వెనక్కి తిరిగి కూలబడితే చాలు" అన్నాడు. అందరూ ఇంజను చూస్తారు, వీడు మంచం ఎత్తు చూశాడు! దాన్ని బొలెరో ట్రాలీలో ఎక్కించి, అరటి గెలలు కట్టినట్టే కొబ్బరి తాళ్లేసి కట్టాం. గెలలకి స్ప్రింగులుండవు గదా. దీనికున్నాయి. రోడ్డు మీద గతుకొచ్చినప్పుడల్లా ఇది గొంతుకూర్చుని లేవడం, తాడు వదులవడం. తుని దగ్గరకొచ్చేసరికి వెనక తలుపు విరగ్గొట్టుకుని సగం బయటికి వేలాడుతోంది. వెనకొచ్చే లారీవాడు హారన్ కొట్టి తిడుతున్నాడు. అప్పుడు అచ్చిబాబు ఏం చేశాడో తెలుసా? బండిని లోపలికి లాగించి, తనే ఎక్కి కూర్చున్నాడు, బరువుకి. స్ప్రింగులు అణిగాయి, అప్పుడు బిగించమన్నాడు తాళ్లు. దిగరా అంటే దిగడే, మళ్లీ లేస్తుందేమోనని. తుని నుంచి రావులపాలెం దాకా ట్రాలీలో, బండి మీద, తలపాగా చుట్టుకుని. దారి పొడుగునా జనం ఎవరో ఎలక్షన్లో నిలబడ్డాడనుకుని చేతులూపడం, వీడూ తిరిగి నమస్కారాలు పెట్టడం. నేను ముందు సీట్లో తల దించుకుని కూర్చున్నాను. ఇందాక నిన్ను ముందు బండిని కిందకి అదిమి, ఆ తర్వాత తాడు బిగించమన్నది అందుకే.

తెచ్చాక మొదలైంది అసలు కథ. మనం పుట్టి బుద్ధెరిగి బురదలో బతికినోళ్లం గదా. బండి దిగబడకుండా ఏం చెయ్యాలి అంటే మనకి తెలిసిందొకటే, దమ్ము చక్రాలు. వరి చేలో దమ్ముకి ట్రాక్టరుకి తగిలిస్తారే, ఇనప పంజరాల్లాంటివి, అవి. వెల్డింగు షాపులో కూర్చుని చిన్న సైజులో చేయించుకొచ్చి వెనక చక్రాలకి తగిలించాడు. పైగా టైర్లలో గాలి రాయిలా కొట్టించాడు. లంకలో ఊరు ఊరంతా వచ్చింది చూడ్డానికి. ఎక్కాడు, స్టార్టు చేశాడు, బొటనవేలు నొక్కాడు. బండి ముందుకి వెళ్లలేదు మణీ, కిందకి వెళ్లింది. ఆ పళ్లు ఇసకని తవ్వి తవ్వి వెనక్కి చిమ్ముతుంటే, చూస్తుండగానే ఇంజను దాకా భూమిలో ఉంది. "నీళ్లు పడ్డాయా అచ్చిబాబూ" అని అరిచాడు మా పెదబాబు, మీ తాతకి బావ వరస, అవకాశం దొరికితే వదలడు. అరుగు మీంచి శ్యామలాంబ కూడా నవ్వేసింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో. వీడికి కోపం రాలేదు. ఇసక దులుపుకుంటూ నా దగ్గరకొచ్చి, "నవ్విందిరా" అన్నాడు. అదీ వాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు గట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని లేచొచ్చి, బురదలో అయితే తవ్వాలి గానీ ఇసకలో తేలాలిరా, పడవలాగా, అన్నాడు. దమ్ము చక్రాలు పీకేశాడు. టైర్లలో గాలి సగానికి పైగా తీసేశాడు. ఇరుసు వెడల్పు చేయించాడు. బండి వెన్న మీద చెయ్యి రాసినట్టు వెళ్లిపోయింది. ఇంక వెనకాల ఆవిడకి సీటు. రావులపాలెంలో ఆటోలకి కుషన్లు కుట్టే అతని చేత కుట్టించాడు, నాలుగు బోల్టుల మీద కూర్చుంటుంది. కానీ వెనకాల బరువు ఎక్కువైతే ముందు చక్రాలు లేస్తాయి, అదీ సమస్య. బరువెంతో తెలియాలి. ఆడమనిషిని ఎలా అడుగుతాం? అరటి గెలలు తూచే కాటా తెచ్చి అరుగు పక్కన పెట్టి, "శ్యామలా, కాస్త దీని మీద నిలబడు, ఊగుతోందేమో చూస్తాను" అన్నాడు. ఆవిడ నిలబడింది. వీడు ముల్లు చూస్తుంటే చూసేసింది. "ఓహో, నన్ను గెలని తూచినట్టు తూస్తారా" అని ఆ రోజంతా అన్నం పెట్టలేదు. మా ఇంట్లో తిన్నాడు. ఎంత తూగిందిరా అంటే, "చెప్పను, అది నాకూ దానికీ మధ్య సంగతి" అన్నాడు. సరిగ్గా అంత బరువుకి ధాన్యం కట్టి వెనక పెట్టి తోలి చూశాడు. ముందు చక్రాలు లేవనే లేచాయి, గోదాట్లో పడబోయి బతికాడు. అందుకే ముందు ఆ ఇనప బుట్ట, అందులో ఇసక బస్తా. ఎడం పక్క అద్దం చూశావా, కిందకి వంచి ఉంటుంది. వెనకొచ్చే బళ్లు చూడ్డానికి అనుకున్నావా? లంకలో వెనకాల వచ్చేదెవరు, మేకలు. ఆవిడ మొహం కనపడ్డానికి. భయపడితే మెల్లిగా పోనిద్దామని. ఎవరైనా సరిచెయ్యబోతే, ముట్టుకోకు దాన్ని అని తిట్టేవాడు.

మొత్తానికి ఓ ఆదివారం బయల్దేరదీశాడు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, వెనక్కి తిరిగి కూలబడి, కళ్లు మూసుకుని, "ఏవండీ, మెల్లిగా, ఏవండీ, మెల్లిగా" అంటూనే ఉంది. రేవుకొచ్చాక కళ్లు తెరిచింది. ఎవరూ నవ్వలేదు. ఇదుగో, ఇలాగే రెండు పడవలు కలిపి చెక్కలు పరిచిన పంటు మీద దాటించాం, ఆవిడ బండి దిగలేదు. అవతలొడ్డున ట్రాలీ. లైసెన్సూ నంబరూ లేని బండి, రోడ్డెక్కకూడదు గదా, మళ్లీ దాన్ని ట్రాలీలో ఎక్కించి, ఆవిడని మీ అమ్మతో కారులో కూర్చోబెట్టి, అన్నవరం కొండ పైకి చేరాం. పైన బండి దించుతుంటే కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. "లోపలికి బళ్లు రాకూడదండి." అచ్చిబాబు చేతులు జోడించి, "ఇది బండి కాదండి బాబూ, మా ఆవిడ కాళ్లండి" అన్నాడు. అతను ఆవిడ వంక చూశాడు, ఇంజను స్టార్టు చెయ్యకుండా తోసుకెళ్లమన్నాడు. నేనొక పక్క, వాడొక పక్క తోశాం, గుండె కోసిన మనిషివి, తొయ్యకురా అంటే వినడు.

వ్రత మండపం. వంద జంటలు వరసలుగా నేల మీద. అప్పుడు ఆగిపోయాడు మీ తాత. ఇసక ఆలోచించాడు, పడవ ఆలోచించాడు, ట్రాలీ, తాళ్లు, బరువు, అద్దం, అన్నీ ఆలోచించాడు. కొండ మీదికొచ్చాక నేల మీద మఠం వేసుకుని కూర్చోవాలని ఒక్కటి ఆలోచించలేదు! పీట మీద కూర్చోవడానికే గదా వచ్చింది. ఆవిడ కళ్లు నిండిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. వేస్తే, పంతులుగారు మైకులో "అమ్మగార్లు మీ మీ అయ్యగార్ల చెయ్యి తాకి ఉండండమ్మా" అన్నారు. కుర్చీలోంచి ఆవిడ వంగుతుంది, చెయ్యి అందదు. వీడు కింద నుంచి భుజం ఎత్తుతాడు, అందదు. "ఒక్క నిమిషం ఆగండి పంతులుగారూ" అని లేచి బయటికెళ్లాడు. పారిపోయాడేమో అనుకున్నాను. చూస్తే, పంచె ఎగ్గట్టి, పానాతో బండి సీటు విప్పుతున్నాడు! విప్పి, నెత్తిన పెట్టుకుని, అన్ని జంటల మధ్యలోంచి తెచ్చి, ఉతికిన తుండుగుడ్డ పరిచి పీట పక్కన వేశాడు. పీట కన్నా జానెడెత్తు. ఆవిడ కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని మళ్లీ సణుగుడు, "మీరు కిందా నేను పైనా ఏంటండీ, తప్పు కాదూ" అని. "పెళ్లైన దగ్గర్నుంచీ అంతేగదే, ఇవాళ కొత్తగా తప్పేంటి" అన్నాడు. మైకు దగ్గరగా ఉందేమో, మండపమంతా వినపడింది. పంతులుగారే నవ్వాపుకోలేక సంకల్పం మళ్లీ మొదట్నుంచి చెప్పారు. నేను చూశాను మణీ, వ్రతం అయ్యేదాకా ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు. ప్రసాదం కూడా ఎడం చేత్తో అందుకోబోతే మీ అమ్మ కసిరింది.

ఆ తర్వాత ఆవిణ్ని ఇంట్లో ఉంచితే ఒట్టు. కోరుకొండ వెళ్లారు, తీర్థాలకెళ్లారు, ఏ పనీ లేకపోయినా సాయంత్రం రేవు దాకా వచ్చి గోదారి చూసి వెళ్లేవారు. ఇద్దరూ పోట్లాడుకుంటూ వచ్చేవారు, బండి చప్పుడు కన్నా ముందు వాళ్ల గొంతులు వినపడేవి. అలా రెండు వేసవులు. మూడో వేసవిలో కుట్టిన గుండె కుట్టినట్టే ఆగిపోయింది వాడికి. అరటి తోటలో, మధ్యాహ్నం. నేను పక్కనే ఉన్నాను. ఆ సంగతొద్దులే.

పదోరోజున కర్మకి ఆవిణ్ని గోదారికి తీసుకెళ్లాలి. మండే ఎండ, గోదారి ఎక్కడికో పోయింది. నేను పొద్దున్నే బండి కడిగి, గాలి చూసి, బుట్టలో బస్తా వేసి, గుమ్మం ముందు పెట్టి స్టార్టు చేసి ఉంచాను. ఆవిడ వచ్చింది. బండి వంక చూసి, "ఆపెయ్యండన్నయ్యగారూ" అంది. ఆపేశాను. మీ అమ్మనీ మా ఆవిణ్నీ చెరోపక్కా పట్టుకుని ఇసకలోకి దిగింది. నడిచింది మణీ. కూలబడుతూ, లేస్తూ, గోదారి దాకా నడిచింది. మళ్లీ నడిచే తిరిగొచ్చింది. నేను ఆ బండి తోసుకుంటూ వెనకాలే వెళ్లాను, ఎక్కడైనా ఎక్కుతుందేమోనని. ఎక్కలేదు. గుమ్మం దగ్గరకొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అదేంటి చెల్లెమ్మా, ఇంత దూరం నడిచేశావు, అప్పట్లో అరుగు కూడా దిగలేనన్నావు గదా" అని. ఆయాసం తీర్చుకుని నా వంక చూసింది. "అప్పుడు ఆయనున్నారు కదా అన్నయ్యగారూ" అంది.

...

లే, లే. పంటు వచ్చేస్తోంది. ఆ ట్రాక్టరు దిగగానే ముందు మన ట్రాలీనే ఎక్కించమని చెప్పు, లేకపోతే ఇంకెవడో అడ్డం పెట్టేస్తాడు.