గుమ్మం బయట కేక

అలెగ్జాండ్రియాలో ఒక వృద్ధాశ్రమం. మంచం మీద సగం సర్దిన పెట్టె, చెరోపక్కా తల్లీ కూతురూ.

"తీసుకెళ్దామని వస్తే బట్టలు మళ్లీ బయటికి తీస్తావేంటమ్మా? తలమీద ముసుగైనా లేనప్పుడు మగ నర్సులు తలుపు తోసుకొచ్చేస్తున్నారని ఫోన్లో ఏడ్చావుగా?"

"ఆ మొరటోళ్లు పోయారే. కొత్త నర్సు వచ్చాడు, షౌకీ అని. మీ నాన్న చుట్టాలింటికెళ్తే, ఆడవాళ్లు సర్దుకోవాలని గుమ్మం బయటే ఆగి 'యా సాతిర్' అని కేకేసేవారు చూడు! ఇతనూ అంతే. రమ్మనేదాకా అడుగు లోపల పెట్టడు."

"హమ్మయ్య! బతికించాడు."

"యా సాతిర్!" తలుపు బయట మగగొంతు.

"వచ్చినట్టున్నాడు. ముసుగు వేసుకునే ఉన్నావుగా, పిలువమ్మా."

"కాసేపు ఉండనీవే. ఎన్నాళ్లకో నా గుమ్మం ముందు ఒక మనిషి ఆగుతున్నాడు!"